తాతకు సపోర్ట్ ఆరింటి దాకే

కళావతి ఆ రోజు పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా టిఫిను ముగించాలి. పదింటికి నలుగురైదుగురు ఫోన్లు పట్టుకుని ఇంటికి రావాలి, కాసేపు కూర్చుని వెళ్ళిపోవాలి. ఈలోగా వసారా స్తంభానికి కట్టిన తెల్ల పెట్టె చెడిపోవాలి. అది ఇవాళ చెడిపోతే తప్ప కళావతి గట్టెక్కదు.

హైదరాబాదులోని ఒక కంపెనీలో ఆమెది కెర్నల్ రాసే పని. కంప్యూటరులోనైనా ఫోనులోనైనా అన్నిటికన్నా అడుగున ఉండి, మిగతా ప్రోగ్రాములన్నిటినీ మోసేది కెర్నల్. అది పడిపోయిందంటే పైనున్నవన్నీ దాంతోపాటే పడిపోతాయి. ఆ కంపెనీ సిగ్నల్ అందని అడవి గూడేలకు ఇంటర్నెట్ ఇచ్చే పెట్టెలు తయారుచేస్తుంది. వాగులు పొంగేలోగా భద్రాచలం అవతల నలభై గూడేల్లో వాటిని బిగించాలి. దారులు మునిగాక నర్సమ్మను పిలవాలన్నా అంబులెన్సును పిలవాలన్నా అక్కడివాళ్ళకు వేరే ఆధారం లేదు.

ఇన్నాళ్ళూ ఆ పెట్టెల్లో వాడిన పాత కెర్నల్ ఆరేళ్ళనాటిది. గట్టిపిండం. ఒక్కనాడూ పడిపోలేదు. ఆఫీసులో దాన్ని ముద్దుగా 'తాత' అంటారు. కాకపోతే దానికి ఇకమీదట మరమ్మతులు చెయ్యమని, ఈ సాయంత్రంతో సరి అని, దాని బాగోగులు చూసే పెద్దలు ప్రకటించేశారు. దాని స్థానంలోకి రావలసిన కొత్త కెర్నల్ పేరు 'మనవడు'. మనవడు చురుకైనవాడే గాని నిలకడ లేదు. నాలుగైదు రోజులకోసారి ఉన్నట్టుండి కుప్పకూలుతాడు. దాన్ని వాళ్ళ భాషలో పానిక్ అంటారు. ఎందుకు కూలుతున్నాడో మూడు వారాలుగా ఎవరికీ అంతుపట్టలేదు. వైఫై భాగం రాసింది కళావతి కాబట్టి వేళ్ళన్నీ ఆమెవైపే చూపిస్తున్నాయి. సాయంత్రం ఆరులోగా కారణం దొరక్కపోతే ఆమె రాసినదంతా పీకి పక్కన పెడతారు. పెట్టెలు ఈ వానాకాలమంతా గోడౌనులోనే ఉంటాయి.

ఎక్కువ ఫోన్లు ఒకేసారి కలిస్తే కూలుతుందేమోనన్న అనుమానంతో ఆమె వారం కిందట మనవడిని ఎక్కించిన పెట్టెను సంకన పెట్టుకుని కారేపల్లిలోని సొంతింటికి వచ్చింది. ఇంట్లో పాతవీ కొత్తవీ కలిపి ఐదు ఫోన్లే తేలాయి, అవి చాలలేదు. అందులో ఒకటి ఆమె సొంత తాత సీతయ్యది. నిన్న కంటి పరీక్షకు భద్రాచలం దవాఖానాకు వెళుతూ, "బస్సుల పండుకునేటోనికి ఫోనెందుకు బిడ్డా, నీ కాడనే ఉంచుకో" అని ఇచ్చిపోయాడు. రాత్రికి అక్కడే కూతురింట్లో ఉండి, ఇవాళ తిరిగి రావాలి.

తొమ్మిదింటికి పక్కింటి జంపక్క కరివేపాకు కోసం గోడ దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, పదింటికి ఓ నలుగురిని ఫోన్లు పట్టుకొని రమ్మని చెప్తవా? ఈ పెట్టెతోని పనున్నది" అని అడిగింది కళావతి.

"అవ్ బిడ్డా, చెప్త తియ్యి" అంది జంపక్క రెమ్మలు తుంచుతూ.

అంతలో హైదరాబాదు నుంచి మేనేజరు వెంకటకృష్ణ ఫోను చేశాడు. కళావతి వసారాలో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడింది.

"అవ్ సార్, తాతకు ఎండ్ ఆఫ్ లైఫ్ అని చెప్పేసిండ్రు. సాయంత్రం ఆరింటి దాకనే సపోర్ట్. ఆరు దాటినంక తీసేస్తరు... లేదు సార్, ఆ తర్వాత ఎవ్వరు ముట్టుకోరు... మనవడా? ఏం నమ్మకం లేదు సార్. మొన్న గూడ పానిక్ అయిండు. ఇంకా స్టేబుల్ కాలే."

జంపక్క చేతిలోని కరివేపాకు జారి కిందపడింది. నిరుడు ఆమె భర్త ఖమ్మం దవాఖానాలో తొమ్మిది రోజులున్నాడు. ఇంగ్లీషులో ఆమెకు క్షుణ్ణంగా తెలిసిన మాటలు రెండే: ఒకటి సపోర్ట్, రెండు స్టేబుల్. సీతయ్య దవాఖానాకు వెళ్ళిన సంగతీ తెలుసు. మనవడంటే కళావతి తమ్ముడు శివ, మధిరలో పనిచేస్తున్నాడు, పాపం వాడు కూడా తట్టుకోలేక పడిపోయాడన్నమాట. నలుగురిని పంపాలన్న మాట ఆమె బుర్రలోంచి ఎగిరిపోయింది. వచ్చినదారినే వీధిలోకి పరుగెత్తింది.

సరిగ్గా పదింటికి మొదటి నలుగురూ వచ్చారు. జంపక్క మాట నిలబెట్టుకుందని కళావతి సంబరపడింది. వచ్చినవాళ్ళ మొహాలు దిగాలుగా ఉండటం గమనించింది గాని, ఎండకనుకుంది.

"ఎట్లున్నది బిడ్డా ఇప్పుడు?" అని మెల్లగా అడిగింది తండా నుంచి వచ్చిన చాంది.

తన పెట్టె గురించి ఇంత ఆపేక్షగా ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "ఇప్పటికైతే మంచిగనే నడుస్తున్నది. ఇందాక జర ఆగి, మళ్ళొచ్చింది" అంది కళావతి.

"అయ్యో, ఆగి మళ్ళొచ్చిందా!" చాంది గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"గట్ల ఆగితే లాభం లేదు పెద్దమ్మా. ఒక్కపారి పూర్తిగా పోవాలె. ఆరింటిలోపల పోతే నేను బతికిపోత."

చాంది పక్కనున్న ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ కళావతి వైపు అదోలా చూశారు. "ఫోన్లు మాత్రం బంద్ చెయ్యకుండ్రి, అదే మీరు చేసే సాయం" అని కళావతి అందరికీ మరీమరీ చెప్పింది. ఏ క్షణంలో ఏ కబురు వస్తుందో అని వాళ్ళూ ఫోన్లు చేతుల్లోనే పట్టుకుని కూర్చున్నారు.

పెట్టెకు ఆమె పాస్‌వర్డు పెట్టలేదు, సిగ్నల్ మాత్రం గేటు దాకే అందేలా తగ్గించింది. వచ్చిన ప్రతి ఫోనూ దానంతటదే కలుస్తోంది. లాప్‌టాప్ తెర మీద లెక్క తొమ్మిదయింది, పదిహేడయింది, ముప్పై దాటింది. కళావతి చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెరకు అతుక్కుపోయింది. వెనక ఎవరో బత్తాయిల సంచీ పెట్టారు. ఎవరో బ్రెడ్డు పొట్లాలు తెచ్చారు, కొబ్బరిబొండాలు దిగాయి. జంపక్క బిందెడు మజ్జిగ చేసి పట్టుకొచ్చింది. పరీక్షకు వచ్చినవాళ్ళు తిండి కూడా వెంట తెచ్చుకోవడం ఎంత మంచి అలవాటో అనుకుంది కళావతి. పన్నెండింటికి లెక్క నలభై ఎనిమిదికి చేరింది: ఇంట్లోవి ఐదు, వచ్చినవాళ్ళవి నలభై మూడు. మనవడు మాత్రం రాయిలా నిలబడ్డాడు.

అప్పుడు వచ్చింది తల్లి దుర్గమ్మ. పత్తి గింజలు పెడుతున్న చేనులోంచి, చెంగులో గింజలు అలాగే ఉండగా, ఏడుస్తూ వచ్చింది.

"మామకు మిషన్ పెట్టిండ్రంట గదనే! ఊరందరికి చెప్పి నాకు చెప్పవా? నేనేమన్న పరాయిదాన్నా?"

కళావతి హెడ్‌ఫోన్లు తీసింది. "ఏ మామ? ఏం మిషన్?"

సంగతి తెలుసుకోవడానికి ఐదు నిమిషాలు పట్టింది. చెప్పి ఒప్పించడానికి పావుగంటైనా సరిపోలేదు. తాతంటే ప్రోగ్రామనీ, సపోర్ట్ అంటే మరమ్మతులనీ ఆమె మొత్తుకుంటుంటే జంపక్క తల నిమిరి, "దుఃఖం ఎక్కువైతే మనిషి గిట్లనే మాట్లాడుతది. నీళ్ళు తాగు బిడ్డా" అంది. ఎవరో సీతయ్యకే ఫోను కలిపారు. అది లాప్‌టాప్ పక్కనే మోగింది. ఆడవాళ్ళు మళ్ళీ గొల్లుమన్నారు.

కళావతి ఇక లాభం లేదని భద్రాచలంలోని మేనత్తకు ఫోను చేసి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది.

"నాయినా? నాయినకేమైంది, మంచిగనే ఉన్నడు. పొద్దుగాల ఆరింటికే బస్సెక్కిచ్చిన. ఏం, ఇంకా రాలేదా?" అంది అత్త.

ఆరింటికి ఎక్కినవాడు పదింటికల్లా దిగాలి. ఇప్పుడు ఒంటిగంట కావస్తోంది. చేతిలో ఫోను లేదు. పరీక్షలో కళ్ళలో చుక్కల మందు వేశారేమో, చూపు ఆనుతుందో లేదో కూడా తెలియదు. ఆ ఫోను తన దగ్గర ఉంచుకున్నది కళావతే. పొద్దుటి నుంచి కుర్చీ వదలని మనిషి, లాప్‌టాప్ అలాగే వదిలేసి గేటు దగ్గరికి వెళ్ళి నిలబడింది.

పరామర్శకు వచ్చిన జనం ఆ క్షణంలోనే వెతికే జనంగా మారిపోయారు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒకాయన కొత్తగూడెం బస్టాండులో పనిచేసే బామ్మర్దికి ఫోను చేశాడు. చాంది తన అన్నను ఇల్లందు చౌరస్తాలో నిలబడమంది. అందరినీ భద్రాచలం తీసుకెళదామని జీపు తెచ్చిన లచ్చిరాం, "ఏడుస్తూ కూసోకుండ్రి, దారంబడి చూసుకుంట పోదాం, ఎక్కుండ్రి" అని ఇంజను స్టార్టు చేశాడు. మధిర నుంచి శివ ఫోను చేసి, తను స్పృహ తప్పానని ఇప్పటికి పద్నాలుగు మంది పలకరించారనీ, అసలేం జరుగుతోందనీ అడిగాడు. అతనికి జవాబు చెప్పే తీరిక ఎవరికీ లేదు.

జీపు కదలబోతుండగా వీధి మొదట్లో ఒక నల్లకళ్ళద్దాల మనిషి కనిపించాడు. చేతిలో గుడ్డసంచీ, నోట్లో వక్కపలుకు. నింపాదిగా నడుచుకుంటూ వచ్చి, జనాన్ని చూసి ఆగాడు.

"ఏందే గింతమంది? ఎవలు పోయిండ్రు?" అన్నాడు సీతయ్య.

జంపక్క ముందుకొచ్చి, ఏడుస్తూ, తిడుతూ, "నువ్వేనయ్యా! నువ్వే పోయినవు! ఇంత పొద్దుదాకా ఏడున్నవు?" అంది.

"ఇల్లందుల పాత దోస్తు కనవడ్డడు. అన్నం తినందే కదలనియ్యలే. తప్పా?"

నలభై మూడు మందీ ఒక్కసారిగా గేటు దాటి అతని మీద పడ్డారు. ముట్టుకుని చూసినవాళ్ళు చూశారు, తిట్టినవాళ్ళు తిట్టారు. అతన్ని చేతుల మీద మోసినంత పనిచేసి మళ్ళీ అందరూ బిలబిలమంటూ వసారాలోకి వచ్చారు. ఎండలో నిలబడ్డ జీపులోకి కొందరు మజ్జిగ తీసుకెళ్ళారు, తిరిగి వచ్చారు. కళావతి తాత చెయ్యి వదల్లేదు. అతని వెనకే లోపలికి వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ యథాలాపంగా తెర వైపు చూసింది.

మనవడు కూలిపోయి ఉన్నాడు. ఎక్కడ కాలు జారిందో ఆ వరస మొత్తం తెర మీద అచ్చంగా పరిచి ఉంది.

"పోయింది! పోయింది!" అని కళావతి ఎగిరి గంతేసింది. చాంది, "ఈ పిల్లకు దిష్టి తియ్యాలె" అని లోపలికి ఉప్పు కోసం వెళ్ళింది.

మూడు వారాలుగా దొరకని తప్పు అది. ఫోన్లు కుదురుగా కూర్చున్నంతసేపూ దానికి ఏమీ కాదు. ఒక ఫోను తెగిపోతున్న లిప్తలోనే ఇంకొకటి వచ్చి కలిస్తే, ఖాళీ కాని చోటును ఖాళీ అయిందనుకుని రెండోదానికి ఇచ్చేస్తోంది. గేటు లోపలికీ బయటికీ అంతమంది ఒక్కపెట్టున పరుగెత్తితే తప్ప అది బయటపడదు. అటువంటి పరుగును హైదరాబాదు ఆఫీసులో ఏ ఇంజినీరూ పెట్టించలేడు. దిద్దుబాటు పదకొండు వరసలు. నాలుగున్నరకు రాయడం అయిపోయింది. "మళ్ళొకసారి అందరు బయటికి ఉరికి లోపలికి ఉరకాలె" అని ఆమె బతిమాలితే, ఎందుకని అడక్కుండా అందరూ మూడుసార్లు ఉరికారు. సీతయ్య కూడా నల్లకళ్ళద్దాలతో ఉరికాడు. మనవడు చలించలేదు. ఐదుంపావుకు వెంకటకృష్ణ సరేనన్నాడు. పెట్టెలు మర్నాడే గోడౌను నుంచి బయలుదేరతాయి.

సీతయ్య మంచం మీద కూర్చుని తనకోసం తెచ్చిన బత్తాయి ఒలుచుకున్నాడు. "నేను నిజంగ పోయిననాడు మీరు వస్తే నాకేమెరుక? ఇయ్యాల కండ్లార చూసిన. గంతే చాలు" అన్నాడు. దుర్గమ్మ చెంగులోని పత్తి గింజలు తీసి గిన్నెలో పోస్తూ మొహం తిప్పుకుంది.

కళావతికి అందరికీ దండం పెట్టాలనిపించింది. కానీ ఆమె వృత్తిలో కృతజ్ఞత చెప్పడానికి వేరే పద్ధతి ఉంది. కెర్నల్‌లో దిద్దుబాటు చేస్తే, దాన్ని పరీక్షించి చూసినవాళ్ళ పేర్లు కింద రాస్తారు. అవి ఎప్పటికీ చెరిగిపోవు. ఆమె కూర్చుని ఒక్కొక్కరినీ అడిగి నలభై మూడు పేర్లూ ఎక్కించింది, నలభై నాలుగోది సీతయ్యది. ఒక్కటే ఇబ్బంది. ప్రతి పేరు పక్కనా ఈమెయిలు చిరునామా ఉండాలి. చాలామందికి పిల్లలవో తమవో ఉన్నాయి. జంపక్క దగ్గర టైపింగు ఆగింది.

"పెద్దమ్మా, నీకు ఈమెయిల్ ఉన్నదా?"

"ఏమో బిడ్డా, నాకు తెల్వది. నన్ను ఎవలన్న కలవాలంటే మీ పక్కిల్లని రాయి."

దేశదేశాల ఇంజినీర్లు చదివే ఆ పత్రంలో జంపక్క పేరు పక్కన ఇప్పటికీ అదే ఉంది.