లిఫ్టులో చెప్పిన మాట

ఆగస్టు నాలుగున పొద్దున్న పెసరట్టు, అల్లం పచ్చడి. సోమేశ్వరరావుకు అంత బాగా ఎందుకు గుర్తుందంటే, ఆ రోజు మనవరాలు జ్యోత్స్న రెండో అట్టు వదిలేసింది. డిగ్రీ రెండో ఏడాదిలో గణితం చదివే ఆ పిల్ల బీజగణితం కోర్సు ఎంచుకోవాలి. డిగ్రీ వాళ్లతో కూర్చోవచ్చు. మాస్టారు ఒప్పుకుంటే పీజీ వాళ్లతోనూ కూర్చోవచ్చు. "ఏది తీసుకోను తాతయ్యా?" అంది. "నీ ఇష్టం తల్లీ," అన్నాడాయన.

అక్కడితో ఆగితే బాగుండేది. పాలకు దిగుతూ లిఫ్టులో అసోసియేషన్ సెక్రటరీ తిరుపతికి ఆ సంగతి చెప్పాడు. లిఫ్టులో ఇంటి విషయాలు మాట్లాడొద్దని భార్య బాలాత్రిపురసుందరి బతికుండగా గట్టిగానే చెప్పేది.

నల్లగండ్లలోని ఆ అపార్టుమెంట్లలో ఆరో తరగతి పిల్లలు తొమ్మిదో తరగతి లెక్కలు చేయడమే మర్యాద. అందుకని 'కూర్చోవచ్చు' అన్నది లిఫ్టు కిందికి చేరేసరికి 'కూర్చుంటోంది' అయింది. మధ్యాహ్నానికి వాట్సాప్ గ్రూపులో జ్యోత్స్నకు పీజీ సీటే వచ్చింది. సాయంత్రం కింది అంతస్తు భార్గవి స్వీట్లతో వచ్చి, తమ అబ్బాయికి ట్యూషన్ ఎప్పుడు మొదలుపెడుతుందని అడిగింది. ఆదివారం క్లబ్ హౌసులో సన్మానమని నోటీసు కూడా పడింది.

సోమేశ్వరరావు అది నిజం కాదని చెప్పబోయాడు. ఈలోగా జ్యోత్స్న వెళ్లి పీజీ కోర్సుకే పేరు ఇచ్చి వచ్చింది. పిల్లకు అదే ఇష్టం కాబోలని ఆయన ఊరుకున్నాడు. వారం తిరక్కుండానే దాని కళ్ల కింద నలుపు చేరింది, అన్నం సయించకుండా పోయింది. కోర్సు మార్చుకోవడానికి సోమవారమే ఆఖరు. సోమేశ్వరరావు కూతురు, జ్యోత్స్న తల్లి వాసంతి మాత్రం ఆఫీసు కాల్స్ వింటూ సన్మానానికి చీర ఇస్త్రీ చేసుకుంటోంది.

ఆదివారం తిరుపతి శాలువా భుజాన వేసుకుని మైకు అందించాడు. "గట్ల నిలబడ్డవేంది బిడ్డా? ఏం సదువుతున్నవో మా పిల్లలకు జర చెప్పు."

జ్యోత్స్న తాతయ్య వైపు చూసింది. "నాకూ తెలీదంకుల్. ఇన్ని క్లాసులు విన్నా ఒక్క ముక్క అర్థం కాలేదు. తాతయ్య అందరికీ చెప్పుకున్నారు కదా, చిన్నబుచ్చుకుంటారేమోనని చేరాను."

సోమేశ్వరరావు లేచాడు. "నీకిష్టమనుకుని నేను నోరు మూసుకున్నానే తల్లీ. పొద్దున్నే వెళ్లి డిగ్రీ వాళ్లతోనే కూర్చో."

భార్గవి మెల్లగా అడిగింది. "అలా కిందికి దిగొచ్చా అండీ? మావాడు ఏడాదిగా పై క్లాసు లెక్కలు పెట్టుకుని ఏడుస్తున్నాడు."

వెనక వరసలో ఇంకెవరో తమ పిల్లా అంతేనన్నారు. తిరుపతి మైకు అరచేత్తో మూసి, "మా ఇంట్ల గూడ గదే పరేషాన్ సార్," అన్నాడు. మైకు మూయడం ఆయనకు సరిగా రాదు. అందరూ విన్నారు. పిల్లలైతే చప్పట్లు కొట్టారు. ఎలాగూ కొనేశారు కాబట్టి శాలువా జ్యోత్స్నకే కప్పారు.

ఆ రాత్రి పిల్ల అడిగి మరీ పెసరట్లు వేయించుకుని తిని, పెందలాడే నిద్రపోయింది. సోమేశ్వరరావు ఆ శాలువానే దాని మీద కప్పాడు. రేపటి నుంచి పాలకు మెట్ల మీదుగానే దిగాలని తీర్మానించుకుని, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.