మంటపం తీసేసి చూస్తే

వెంకటాచలపతి కేజీఎఫ్ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. ఆవని అనే ఊరు దాటాక వచ్చే బండమిట్టపల్లి శివాలయం ఎప్పుడెప్పుడు ఎలా కట్టారో పుస్తకం రాసి, అచ్చుకు ఇవ్వబోతున్నాడు. ఆ ఆదివారం బెంగళూరు నుంచి పాత కట్టడాలు చూసే బృందం ఒకటి బస్సులో వస్తోంది. ఏ భాగం ఏ కాలానిదో వాళ్ళకు ఒక్క చూపులో తెలియాలని, ముందుగా వెళ్ళి రాళ్ళ మీద రంగు సుద్దతో గుర్తులు పెట్టాలనుకున్నాడు. నొళంబ రాజుల నాటి వెయ్యేళ్ళ గర్భగుడికి పసుపు. విజయనగర కాలంలో ముందు చేర్చిన మంటపానికి ఎరుపు.

"ఎరుపు వద్దండి," అంది భార్య కుముద, టిఫిన్ డబ్బా సంచిలో పెడుతూ. "రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు గోడలకు పెట్టే గుర్తుల్లా ఉంటాయి."

"గుడి మీద పెడితే అలా ఎవరనుకుంటారు?" అని ఆయన స్కూటర్ ఎక్కాడు.

ఆయన వెళ్ళేసరికి ఆ ఊరి అక్కయమ్మ మంటపంలో కసువు ఊడుస్తోంది. వచ్చే వారం అక్కడే ఆమె మనవరాలు మునిలక్ష్మి పెళ్ళి. ఆయన ఒక్కో స్తంభానికి ఎర్రగా ఇంటూ మార్కు వేసుకుంటూ పోతుంటే, ఆమె చీపురు పక్కన పెట్టింది.

"ఏం సార్ ఈ గుర్తులు?"

"అసలు గుడి లోపలిదేనమ్మా. ఈ మంటపం తర్వాత వచ్చి చేరినాది. దీన్ని తీసేసి చూస్తే గుడి ఎంత అందంగా ఉండాదో."

"తీసేస్తారా?"

"తీసేస్తేనే గదమ్మా తెలిసేది," అన్నాడాయన, రాయి మీద నుంచి చూపు తిప్పకుండా.

అక్కయమ్మ నేరుగా పాల డెయిరీకి నడిచింది. మాట డెయిరీ గుమ్మం దాటి వీధి చివరికి చేరేసరికి, మంటపంతో పాటు రెండు ఇళ్ళూ, సుబ్బరాయప్ప పట్టుపురుగుల షెడ్డూ కూడా కొత్త రోడ్డు కిందికి పోయాయి.

డెయిరీ ప్రెసిడెంటు బచ్చప్ప నిదానస్తుడు. వెంకటాచలపతినే అడిగి తెలుసుకుందామని గుడికి వచ్చాడు.

"సార్, దీన్ని నిలిపేదానికి దారేమన్నా ఉండాదా?"

బృందం రావడం ఈయనకు ఇష్టం లేదేమో అనుకున్నాడు వెంకటాచలపతి. "ఇంగెట్ల నిలిపేది బచ్చప్పా? బండి బెంగళూరులో బయలుదేరేసినాది. పెద్ద బండి. మామిడి తోపు దారిలో దూరతాది గదా?"

"మీరే పిలిపించినారా?"

"నేనే," అన్నాడు ఆయన కొంచెం గర్వంగా.

బచ్చప్ప ఎర్ర గుర్తుల వైపు చూశాడు. "మంటపం చానా పాతదని తేలితే?"

"అప్పుడింక ఒక్క రాయి కూడా ఎవరూ ముట్టుకోలేరు. కానీ రుజువు కావాల. దీని రాళ్ళు చానా ఈ ఊళ్ళోకే పోయినాయి. అవి చూస్తే గదా చెప్పేది."

బచ్చప్పకు అంత చాలు. కొద్దిసేపట్లో తోపు దారికి అడ్డంగా ట్రాక్టర్లు నిలిచాయి. ఆ తర్వాత ఇళ్ళలోంచి రాళ్ళు బయలుదేరాయి. గంగ ఇంటి గుమ్మం ముందరి మెట్టు వచ్చింది. బచ్చప్ప పశువుల కొట్టంలోని గడప వచ్చింది. అక్కయమ్మ బట్టలుతికే బండను నలుగురు మోసుకొచ్చారు. ఏ రాయి తన ఇంటికి ఎలా చేరిందో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. సుబ్బరాయప్ప ఉత్సాహం కొద్దీ రుబ్బురోలు కూడా తెచ్చాడు.

"ఇవన్నీ ఎందుకు తెస్తా ఉండారు?" అన్నాడు వెంకటాచలపతి దిమ్మెరపోయి.

"మీరే గద సార్ చూడాలన్నారు," అంది గంగ.

ఆయన పంచె దుమ్ములో పడుతున్నా పట్టించుకోకుండా రాళ్ళ మధ్య కూర్చుని, ఒక్కొక్కదాన్నీ తడిమి చూడసాగాడు.

ఈలోగా బస్సు ట్రాక్టర్ల దగ్గర ఆగిపోయింది. టోపీలు పెట్టుకుని, కెమెరాలు తగిలించుకున్న బృందం తోపులోంచి నడిచి వచ్చింది. మంటపం నిండా ఆడవాళ్ళు బైఠాయించి ఉన్నారు. ముందు వరసలో అక్కయమ్మ.

"నన్ను దాటుకొని పోయి పగలగొట్టండి," అంది.

బృందాన్ని తీసుకొచ్చిన చైత్ర తెల్లబోయింది. "పగలగొట్టేదేమిటవ్వా? మేము చూసేదానికి వచ్చినాము. సార్ పాఠం చెప్తానన్నారు."

ఊరంతా సార్ వైపు తిరిగింది.

"మంటపాన్ని మనసులో తీసేసి చూడమన్నాను గదమ్మా," అన్నాడు ఆయన నీరసంగా.

"ఆ మనసులో అనేదాన్ని మీరు మనసులోనే అనుకొన్నారు సార్," అన్నాడు బచ్చప్ప.

మొదట నవ్వింది అక్కయమ్మే. తర్వాత మంటపమంతా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా బృందమూ నవ్వింది.

ఆ నవ్వుల్లోనే చైత్ర బట్టల బండ పక్కన వంగి, "సార్, దీని అడుగున ఏదో చెక్కినారు," అంది. నలుగురూ పట్టి తిరగేశారు. హంసల వరుస. గర్భగుడి గోడ అంచున ఉన్న హంసలే, అవే ముక్కులు, అవే తోకలు. మంటపం మూలన తల విరిగిన స్తంభం ఒకటుంది. వెంకటాచలపతి బండను అక్కడికి మోయించి, విరిగినచోట ఆనించి చూశాడు. పగులుకు పగులు అతుక్కుంది.

ఆయన అతుకు చుట్టూ వేలితో తడిమి చూశాడు.

"ఏమైనాది సార్?"

"ఇది విజయనగరం వాళ్ళది కాదు బచ్చప్పా. గర్భగుడి ఎంత పాతదో మంటపమూ అంతే పాతది. నా పుస్తకంలో సగం తప్పు."

"బాధగా ఉండాదా?"

"అచ్చుకు ముందే తెలిసినాది గదప్పా," అన్నాడాయన. ఆ ముఖంలో ఏ కోశానా బాధ లేదు. తన తువ్వాలుతోనే ఎర్ర గుర్తులన్నీ తుడిచి, పసుపు సుద్ద తీసుకున్నాడు.

మధ్యాహ్నం బృందానికి ఊరివాళ్ళే సంగటి పెట్టారు. అందరినీ మునిలక్ష్మి పెళ్ళికి పిలిచారు. తిరిగి వెళ్ళేముందు వెంకటాచలపతి రాళ్ళన్నిటినీ మంటపంలో పేర్పించి, ఇంక ఒక్కటి కూడా గుడి దాటి పోకూడదని గట్టిగా చెప్పాడు. అందరూ తలూపారు.

"సరే సార్," అంది అక్కయమ్మ. "రేపు నేను బట్టలు యాడ ఉతికేది?"

అన్నేళ్ళ ఉద్యోగంలో అంత కష్టమైన ప్రశ్న ఆయనను ఎవరూ అడగలేదు.