సైన్యం తవ్విపెట్టిన ముత్తవ్వ

ఆ పొద్దున్న లవీనా వేసుకున్న పథకం చిన్నదే. మిలిటరీ బస్సెక్కి పాత శ్మశానానికి వెళ్లాలి, పూలు పెట్టాలి, ముత్తవ్వ కెజయా సమాధిరాయి ఎక్కడ కూరుకుపోయిందో ఎవరి కంటా పడకుండా కనిపెట్టాలి. ఇండియానా కొండల్లో ముత్తాతలు అడవి కొట్టి కట్టుకున్న ఊరిని రెండో ప్రపంచ యుద్ధమప్పుడు సైన్యం తీసేసుకుని, నాటినుంచీ ఫిరంగులు పేల్చుకుంటోంది. చచ్చినవాళ్లను మాత్రం దయతలిచి ఉండనిచ్చింది. బతికున్నవాళ్లు ఏటా మే నెలాఖరున ఒక్కరోజు వచ్చి చూసుకోవచ్చు. నేలలో పేలని గుండ్లున్నాయి కనుక తవ్వడం మహాపరాధం. దొరికితే ఆ కుటుంబానికి గేటు మూసేసినట్టే.

"ఇంకా వెతుకుతున్నావా వదినా? మొగుడు పోయిన ఏడాదికే గిన్నెలమ్మేవాడితో లేచిపోయిన మనిషి ఇక్కడెందుకుంటుంది?" అన్నాడు ఓర్విల్ టర్లీ, బస్సులోనే కోడికాలు కొరుకుతూ. లవీనా చెల్లెలి మొగుడు. ప్రతి మేలోనూ అదే కోడి, అదే మాట.

"తినేటప్పుడు మాట్లాడకండి మరిదిగారూ, ఎముక అడ్డం పడుద్ది," అంది లవీనా. తను పోయేలోగా ఆ రాయి చూపించి ఇతని నోరు మూయించాలని ఆవిడ పంతం.

ముత్తాత సమాధి చుట్టూ ఇదివరకే వెతికేసింది. ఈసారి టర్లీల వరస చివర గుంటపడ్డ చోట మోకరిల్లి, ప్రార్థన నటిస్తూ, సంచిలోంచి స్వెట్టరల్లే ఇనప పుల్ల తీసి నేలలో గుచ్చింది. టంగుమంది.

"మామ్మగారూ, కదలకండి," అన్నాడు కాపలా సార్జెంటు, మొహం పాలిపోయి.

పుల్ల సంగతి చెబితే గేటు మూత. ఏమీ చెప్పకుండా లేస్తే, కిందున్నది బాంబేమో. లవీనా పుల్లను మొదలంటా నేలలోకి నొక్కేసి, "మోకాలి కింద ఏదో గట్టిగా తగిలింది నాయనా," అంది.

మిగతా అందర్నీ బస్సెక్కించారు. గుండ్లు తీసే దళం వచ్చి యంత్రం పెడితే, ఆ పుల్ల పుణ్యమా అని అది కీచుమంటూ ఏడ్చింది. ప్రార్థన చేయించడానికొచ్చిన పాదిరీగారు దూరంగా నిలబడి ధైర్యం చెప్పారు. దగ్గరికొచ్చేంత ధైర్యం ఆయనకే లేదు. బస్సు కిటికీలోంచి ఓర్విల్, "వదినా, ఆ ఆపిల్ పై వంటకం చేసే పద్ధతి మీ చెల్లికి చెప్పిపో," అని అరిచాడు.

ఆవిణ్ణి పక్షిపిల్లలా ఎత్తి పక్కన పెట్టి, ఏళ్ల తరబడి అడిగినా పారముట్టనివ్వని సైన్యం కుంచెలతో మట్టి తుడిచి తుడిచి తవ్వింది.

"ఇదేంటి?" అన్నాడు ఆఫీసరు, నీలంరంగు పుల్ల ఎత్తి చూపిస్తూ.

"ముత్తవ్వదేమో బాబూ. అల్లికంటే పడి చచ్చేదట," అంది లవీనా.

దాని కింద రాయి బయటపడింది. సార్జెంటు నీళ్లు చల్లి, బస్సులోవాళ్లందరికీ వినబడేలా చదివాడు. "కెజయా. ఏమస్ టర్లీకి ప్రియమైన భార్య."

ఏమస్ అంటే ఓర్విల్ ముత్తాత. ముత్తవ్వ లేచిపోయిన మాట నిజమేగానీ, గిన్నెలమ్మేవాడితో కాదు, వాగు దాటి ఓర్విల్ వాళ్లింటికే పోయింది. లవీనాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఓర్విల్ చేతిలో కోడికాలు అలాగే ఉండిపోయింది.

మరుసటి మేలో అతను రెండు పూలగుత్తులు తెచ్చాడు. రెండోది మాత్రం కెజయా రాయి మీద, మొహం అటు తిప్పుకుని పెట్టాడు.