గేటు దగ్గర పెళ్లికూతురి తండ్రి

పెళ్లిని చెడగొట్టేది వంటవాడు కాదు, వాన కాదు, ఆఖరికి వియ్యంకుడు కూడా కాదు. పెళ్లికూతురి తండ్రి!

నవ్వకండి. ఆ ఒక్క మనిషి మండపం మీద నుంచి తప్పుకుంటే చాలు, ఎంత పెద్ద పెళ్లయినా సాఫీగా సాగిపోతుంది. ఈ చిన్న సంగతి తెలియక మన పెద్దలు తరతరాలుగా తండ్రిని పీటల మీద కూర్చోబెట్టి ఆగమయ్యారు. ఇప్పుడు ఈవెంట్ మేనేజర్లనే మహానుభావులు అవతరించారు కాబట్టి బతికిపోయాం. నమ్మకపోతే గోదావరిఖనిలో ముత్యం ఇంటి పెళ్లి సంగతి వినండి.

ముత్యం బొగ్గుగనిలో ముప్పై ఒక్క ఏళ్లు పంపు ఆపరేటరుగా చేసి నిరుడే రిటైరయ్యాడు. ఒక్కతే బిడ్డ, మమత. మిగిలిన కోరిక కూడా ఒక్కటే. బిడ్డ మెడలో పుస్తె పడుతుంటే కళ్లారా చూడాలి. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అదే చెప్పేవాడు.

"అన్నదమ్ముల పిల్లల పెండ్లిళ్లన్ని డ్యూటీల్నే పోయినయ్. ఒక్కటి చూడలే. నా బిడ్డ పెండ్లి మాత్రం ముందట కూసోని చూస్త."

చూశారా ఎంత స్వార్థమో! పెళ్లి బిడ్డదట, చూడాల్సింది తానట!

అదృష్టం బాగుండి మమత ముందే ప్రశాంత్ అనే ఈవెంట్ మేనేజరును మాట్లాడుకుంది. అతని దగ్గర నాలుగు పేజీల షెడ్యూలు, చెవిలో ఇయర్‌ఫోను, చేతిలో వాకీటాకీ, వెనక ఆరుగురు ఫొటోగ్రాఫర్లు, ఒక డ్రోను. పెళ్లి ఫంక్షన్ హాలు లోపలే అయినా డ్రోను ఉండాల్సిందే. అది సీలింగు ఫ్యానుకు తగలకుండా జ్యేష్ఠమాసపు ఎండల్లో ఫ్యాన్లన్నీ ఆపేశారు. చెమట పడితే ముఖాలు మెరుస్తాయి కదా, ఫొటోలకు మంచిదే!

పొద్దున్నే పసుపు దంచారు. రోలు అద్దెది, రోకలి థర్మాకోలుది. ఐదుగురు ముత్తైదువలు చేతులు ఊపితే సరిపోయింది. పసుపు మాత్రం పెళ్లికూతురి ఒంటికి తగలనివ్వలేదు. మేకప్ చెడిపోదూ?

మేనమామ బిక్షం గోలేటి గనిలో నైట్ షిఫ్టు దిగి, స్నానం చేసి నేరుగా వచ్చాడు. పెళ్లికూతురిని గంపలో తెచ్చే సీను అప్పటికే కెమెరా అసిస్టెంటుతో తీసేశారు. వెనక నుంచి ఏ మేనమామైనా ఒకటే కదా!

ముత్యం తల్లి ఐలవ్వ మనుమరాలిని చూసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ప్రశాంత్ పరుగున వచ్చాడు.

"అవ్వా, ఏడుపు రెండున్నరకు. అప్పగింతలల్ల."

"ఓరి నీ పాడుగాను! నా ఏడుపుకు గూడ టైం వెడ్తవా? అప్పటిదాంక ఉంటనో పోతనో!" అంది ఐలవ్వ. ముసలివాళ్లకు క్రమశిక్షణ ఎప్పుడలవడింది కనుక!

ముత్యం, భార్య పూలమ్మ కలిసి అల్లుడి కాళ్లు కడిగారు. ఏడు నిమిషాల్లో అయిపోయింది.

"సూపర్ సార్. మీ పార్ట్ అయిపోయింది" అన్నాడు ప్రశాంత్.

"అయిపోవుడేంది? ఇంక పుస్తె గట్టలే గదా?"

"అది పదకొండు పదహారుకు. మీకు పదకొండు రెండుకు గేటు కాడ డ్యూటీ. వీఐపీలను మీరే రిసీవ్ చేసుకోవాలె. పది నిమిషాలల్ల నా మనిషిని పంపుత, ఆయనకు గేటు అప్పజెప్పి వచ్చెయ్యుండ్రి."

మీరైనా నేనైనా ఏం చేస్తాం? పది నిమిషాలు చూసి లోపలికి పోతాం. ముత్యం పోలేదు. గనిలో రిలీవర్ వచ్చి ఛార్జి తీసుకునేదాకా పంపు వదలకూడదు. వదిలితే గని మునుగుతుంది. ముప్పై ఒక్క ఏళ్లు ఆ మాట మీద నిలబడ్డ మనిషి అతను.

పదకొండు దాటి పన్నెండు నిమిషాలయింది. ఎవరూ రాలేదు. పధ్నాలుగు. రెండుసార్లు హాలు వైపు నాలుగడుగులు వేసి మళ్లీ గేటు దగ్గరికే వచ్చాడు. వీఐపీల జాడ లేదు. ప్రశాంత్ పంపుతానన్న మనిషి మండపం మీద లైటు పట్టుకుని ఉన్నాడు.

గట్టిమేళం మోగింది.

గేటు పక్కన పెద్ద ఎల్ఈడీ తెర పెట్టారు. ముత్యం గబగబా దాని ముందుకు వెళ్లాడు. తెర నిండా ఆరుగురు ఫొటోగ్రాఫర్ల వీపులు! జేబులో దాచుకున్న అక్షింతలు తీసి ఆ తెర మీదే చల్లాడు.

కాసేపటికి స్తెఫను వచ్చాడు. గనిలో ఇరవై ఏళ్లు ముత్యం తర్వాతి షిఫ్టు అతనిదే.

"బిడ్డ పెండ్లి పెట్టుకోని గేటుకాడ ఏం జేస్తున్నవే?"

"రిలీవర్ రాలే, అన్నా."

స్తెఫను "నేనున్న. నువ్వు పో" అని గేటు పట్టుకున్నాడు.

లోపల అక్షింతలు వేసేవాళ్ల వరుసలో నలభై మంది వెనక నిలబడి, ముత్యం చివరికి మండపం ఎక్కాడు. మమత చటుక్కున లేచింది.

"బాపు, పుస్తె గట్టంగ నీ కోసమే చూసిన. హాలంత చూసిన. నువ్వు లేవు."

ముత్యం కళ్ల వెంట నీళ్లు కారిపోయాయి.

"సూపర్ మేడమ్!" అని అరిచాడు ఒక ఫొటోగ్రాఫరు. "అదే డైలాగు ఇంకోసారి, కెమెరా దిక్కు చూసి. సార్, మీరు గట్లనే ఏడువుండ్రి."

మమత ఆ మాట మళ్లీ అనలేదు. ముందున్న వీడియో కెమెరాకు తన చేతిరుమాలు కప్పేసింది. "అందరు కిందికి దిగుండ్రి. అయ్యగారూ, తలంబ్రాలు ఇంకోసారి పోసుకుంటం. మా బాపు చూడలే" అంది.

అంతే, బంగారంలాంటి షెడ్యూలు ముప్పావు గంట వెనకబడింది! అన్నం చల్లారింది. ప్రశాంత్ తల పట్టుకున్నాడు.

రుమాలు కప్పిన కెమెరాను ఆపడం ఎవరికీ గుర్తులేదు. వీడియోలో ఆ ముప్పావు గంట చీకటి, మాటలు మాత్రం వినిపిస్తాయి. తీసేస్తామంటే ముత్యం ఒప్పుకోలేదు. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా టీవీ పెట్టి, డ్రోను షాట్లన్నీ జరిపేసి, సరిగ్గా ఆ చీకట్లో ఆపుతున్నాడు.

"ఇగో, ఇప్పుడు దోసిట్ల తలంబ్రాలు తీస్కున్నది. అల్లుడు నవ్విండు. చూస్తున్నరా?" అంటాడు.

చూస్తున్నామని వాళ్లూ తలూపుతున్నారు.