టీవీలో రాధాబాయి

ఆ ఉదయం రాధాబాయి అనుకున్నది చాలా చిన్న పని. నిర్ణాలో కూతురు దీపాలికి శ్రీమంతం. చీర, గాజులు, మిఠాయి సంచిలో సర్దేసింది. భర్త గుండేరావు స్నానం చేసి వస్తే బస్సెక్కాలి. పుట్టింటి గాజులు పడందే అక్కడ శ్రీమంతం మొదలుకాదు.

కానీ సరిహద్దులో యుద్ధం మొదలైనప్పటి నుంచి గుండేరావు టీవీ ముందు నుంచి లేస్తే ఒట్టు. తెర మీద ఒకాయన వెనక సైరన్ మోగించుకుంటూ, ఇక ఈ పూటతో అంతా అయిపోతుందన్నట్టు అరుస్తున్నాడు. అంతలో ఇంటిమీదుగా శిక్షణ విమానం వెళ్లింది. బీదర్‌లో ఆ మోత రోజూ ఉండేదే, పిల్లలు కూడా తలెత్తి చూడరు. గుండేరావు మంచం కిందికి దూరాడు.

"నేను కాపురానికొచ్చినకాడికెంచి తిరుగుతున్నయి ఈ విమానాలు. ఇయ్యాల కొత్తగ భయమేందయ్యా?"

"అప్పుడు టీవీల చెప్పలే గద," అన్నాడాయన మంచం కిందినుంచే.

బయటికొచ్చినవాడు స్నానానికి పోకుండా గంజ్ బజారులోని తన కిరాణా దుకాణానికి పరుగెత్తాడు. యుద్ధంలో సరుకు దొరకదని టీవీ ఆయన చెప్పాడట. దుకాణమే తనదైతే సరుకు దొరక్కపోవడమేమిటో ఆలోచించే ఓపిక ఆ మనిషికి లేదు. బియ్యం, పప్పు, నూనె అన్నీ ఏసురాజు ఆటోలో ఇంటికి తోలించాడు.

షావుకారే సొంత సరుకును ఇంటికి తరలిస్తున్నాడంటే లోపలి సంగతి ఏదో తెలిసే ఉంటుందని గంజ్ అంతా తీర్మానించింది. జనం ఎగబడ్డారు. దుకాణంలో మిగిలింది ఉప్పే కాబట్టి ఉప్పు కోసమే తోసుకున్నారు. ఆ తోపులాట చూపించడానికి టీవీవాళ్లు దిగారు. ఇంట్లో బస్తాల మధ్య కూర్చున్న గుండేరావు తన దుకాణాన్ని తెర మీద చూసి భార్యను పిలిచాడు.

"చూస్తివా? నేను చెప్తె నమ్మకపోతివి. బీదర్ల ఉప్పు సుత దొరుకుతలేదట."

రాధాబాయికి ఒళ్లు మండిపోయింది. అప్పుడే నిర్ణా నుంచి వియ్యంకుడు భీమ్‌రావ్ ఫోన్ చేశాడు. ఆయనా టీవీ చూశాడు. ఊరు అలా ఉంటే శుభకార్యం ఎలా చేస్తాం, వాయిదా వేద్దామన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. మా మాట కంటే టీవీ మాటే ఎక్కువైతే టీవీలోనే చెబుతాననుకుని, రాధాబాయి సంచి పట్టుకుని గంజ్‌కు వెళ్లి మైకు ముందు నిలబడింది.

"భీమ్‌రావన్నా, ఈడ ఏం కాలే. సరుకంత మా ఇంట్లనే ఉన్నది. గాజులు తెస్తున్న, పీటలెయ్యి."

చేతులు ఊపి మరీ చెప్పింది. బస్తాలన్నీ తిరిగి దుకాణంలో దించమని ఏసురాజుకు పురమాయించి తనొక్కతే బస్సెక్కింది.

నిర్ణాలో ఇల్లంతా టీవీ ముందే ఉంది. పీటలు వేయలేదు. తెర మీద రాధాబాయి చేతులు ఊపుతోంది, మాట మాత్రం వినబడదు. వినబడేది సైరనే. కింద ‘బీదర్‌లో తల్లడిల్లుతున్న మహిళలు’ అని అక్షరాలు పరుగెడుతున్నాయి. అదే ముక్కను తిప్పి తిప్పి వేస్తున్నారు. ఏడుస్తున్న దీపాలి గుమ్మంలో తల్లిని చూసి వచ్చి పట్టేసుకుంది. రాధాబాయి పీటల కోసం చూడలేదు, అక్కడే నిలబడి కూతురి చేతులకు గాజులు తొడిగింది. అంత కోపంలోనూ ఆమెకు కడుపు నిండినట్టయింది.

భీమ్‌రావ్ ఆమెను ఎగాదిగా చూసి, ఊరు నిజంగా బాగానే ఉందా అని అడిగాడు.

"నేను బాగనే ఉన్న గద అన్నా, కండ్ల ముందే."

"నువ్వు బాగనే ఉన్నవు చెల్లె. ఆమె సంగతే గుబులైతాంది," అంటూ ఆయన తెర మీది రాధాబాయిని చూపించాడు.