ఓబయ్య మామిడికాయల దానం

ఆ పొద్దున ఓబయ్య అనుకున్నది ఒక్కటే. ఏడాదికి ఒక్కసారి చేతికొచ్చే తోతాపురి కాయల్ని చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీకి చేర్చాలి. మధ్యాహ్నం దాటితే గేటు మూస్తారు. భార్య మునిరత్నమ్మతో మినీ లారీ ఎక్కాడు. పాకాల దాటి, పూతలపట్టు చేరేలోపే వెనక టైరు పేలింది. స్టెప్నీలోనూ గాలి లేదు. డ్రైవర్ మునిశేఖర్ దాన్ని దొర్లించుకుంటూ పంక్చర్ షాపు వెతుక్కుంటూ పోయాడు.

నిరుడు ఇదే రోడ్డులో ఆగి ఉన్న ట్రాక్టరును గుద్దుకుని ఓబయ్య తమ్ముడు కాలు పోగొట్టుకున్నాడు. అందుకని ఓబయ్య వేపకొమ్మలు విరిచి బండి వెనక పరిచాడు. ఆ ఊరి మేకలు ఎంత మర్యాదస్తులంటే, లారీలకు దారిచ్చి మరీ వచ్చి, పుల్ల మిగలకుండా తినిపోయాయి. ఇక చేసేది లేక ఓబయ్య తన ఎర్ర తువ్వాలే ఊపుతూ నిలబడ్డాడు.

తిరుమలలో గుండ్లు చేయించుకుని కాణిపాకం పోతున్న యాత్రికుల బస్సు కీచుమని ఆగింది.

"ఏం పంచతా ఉండావు పెద్దాయనా?" అన్నాడు బస్సు డ్రైవర్.

"పంచేది ఏమీ లేదప్పా. టైరు పోయి ఉండాది. పక్కన తీసుకోని పో."

"ఇంత లోడు పెట్టుకోని ఒక కాయ ఇచ్చేదానికి ఏడుస్తావేం నాయనా?" అని కిటికీలోంచి ఒక ముసలమ్మ చేయి చాపింది.

బస్సు కదల్లేదు. దాని వెనక జీపు, జీపు వెనక వ్యాను ఆగాయి. వరుస చివరి బండిని ఎవడొచ్చి గుద్దుతాడోనని ఓబయ్యకు చెమటలు పట్టాయి. కాయ ఇస్తేగానీ వీళ్లు పోరు, పోతేగానీ ప్రమాదం తప్పదు. ఇవ్వడం మొదలుపెట్టాడు. ఒక గుండాయన ఉప్పూకారం కూడా అడిగాడు.

"ఇచ్చేకొద్దీ వస్తా ఉండారు, కండ్లు కనపడలేదా?" అంది మునిరత్నమ్మ.

"వాళ్లు పొయ్యేదానికే గదా ఇస్తా ఉండేది."

"వాళ్లు పొయినాక మనం తీసుకోని పొయ్యేదానికి ఏముంటాది?"

మునిశేఖర్ టైరుతో వచ్చేసరికి రోడ్డు ఖాళీ, బండీ ఖాళీ. ఎవరూ ఎవరినీ గుద్దలేదు.

"కాయలు యాడ మామా?"

"వేరే బండ్లలో పొయినాయి," అన్నాడు ఓబయ్య. మునిరత్నమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పటికే 'తోటంతా దానమిచ్చిన పుణ్యాత్ముడు' అని అతని ఫొటో ఫోన్లలో వేలూరు దాకా పోయింది. మరుసటి పొద్దున ఆ చోట కాయల కోసం బస్సులు, వ్యాన్లు నడిరోడ్డు మీద బారులు తీరాయి. చివరి దాన్ని పాలవ్యాను వచ్చి గుద్దింది.

తప్పు ఓబయ్యదేనట, టయానికి రాలేదు.