వార్డుకు నలుగురు తక్కువ

పుట్టడం, బతకడం మనిషి సొంత వ్యవహారమే కావచ్చు. ఉన్నాడా లేడా అన్నది మాత్రం స్థానిక జనాభా అంచనాల విభాగం తేల్చాలి. ఈ ఏడాది మా వార్డులో రెండు వేల తొమ్మిది వందల తొంభై ఆరుగురు ఉన్నారని తేల్చింది. మూడు వేలకు తగ్గితే ఆరోగ్య కేంద్రం ఎత్తేస్తారు. అంటే నలుగురు తక్కువై మా నర్సమ్మకు బదిలీ. మా చెల్లికేమో ఎనిమిదో నెల.

అంచనా పద్ధతి చాలా శాస్త్రీయమైనది. కరెంటు మీటర్లు లెక్కపెట్టి నాలుగు పాయింటు మూడుతో హెచ్చవేస్తారు. మేముండే ఇంట్లో ఏడు వాటాలు, ముప్పై ఒక్క మంది, ఒకటే మీటరు. కాబట్టి మేం నాలుగు పాయింటు మూడు మందిమి. (ఆ పాయింటు మూడు మా బాబాయే అయి ఉంటాడని మా పిన్ని అనుమానం. ఇంటిపనిలో ఆయన సాయం చూసినవాళ్లెవరూ కాదనలేదు.)

ముప్పై ఒక్కమందిమీ ఆఫీసుకు వెళ్లాం. అంచనాల అధికారి మమ్మల్ని చూడగానే మొహానికి ఫైలు అడ్డం పెట్టుకున్నాడు.

“ఇదిగో బాబూ, అందరం వచ్చాం. లెక్కపెట్టుకో,” అంది మా అమ్మ.

“లెక్కపెడితే జనగణన అయిపోతుందమ్మా. అది వేరే శాఖ, పదేళ్లకోసారి. మాది అంచనా. కళ్లారా చూస్తే పాడైపోతుంది.”

“అంటే మేం లేనట్టా?”

“ఎవరన్నారమ్మా? ఉన్నారు. సగటున ఉన్నారు.”

చెల్లి ముందుకొచ్చింది. “సార్, వచ్చే నెల నా కాన్పు. ఆసుపత్రి చూస్తే తొమ్మిది కిలోమీటర్లు. నర్సమ్మ లేకపోతే నేనేం కావాలి?”

అధికారి మంచివాడే పాపం. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు, ఫైలంతా తిరగేశాడు. “వచ్చే ఆరు నెలల్లో మీ వార్డులో జననాలు సున్నా అని ఉందమ్మా,” అన్నాడు బాధగా. “నర్సు లేని చోట కాన్పులు జరగవు కదా. ఆ లెక్కన వేశాం.”

“నర్సు ఎందుకు లేదు?”

“జనం తక్కువ కదమ్మా.”

నాకు ఒళ్లు మండిపోయింది. “మీ అంచనా ఎప్పుడూ తప్పదా?” అని అడిగాను.

“అంచనా తప్పదండీ. అప్పుడప్పుడు జనమే తేడాగా ఉంటారు.”

నెలాఖరున నర్సమ్మ పసిపిల్లల బరువు తూచే యంత్రాన్ని ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. చెల్లి ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. పన్నెండో రోజు, మధ్యాహ్నం, చెల్లికి నొప్పులు మొదలయ్యాయి. మేమూ ఆటోయే ఎక్కాం. నాలుగో కిలోమీటరు దాటాక, పక్క వార్డులో, ఎర్ర లైటు దగ్గర, మా పిన్ని చేతుల్లో పిల్ల పుట్టింది. ఆ పది నిమిషాల్లో నేను పడ్డ భయం ఏ శాఖా అంచనా వేయలేదు. తల్లీపిల్లా క్షేమం. జననం పక్క వార్డులో నమోదైంది.

ఆరు నెలలు నిండాక విభాగం నుంచి ఉత్తరం వచ్చింది: “మీ వార్డులో జననాలు సున్నా అన్న మా అంచనా నూటికి నూరుపాళ్లు నిజమైంది. సహకరించిన గర్భిణులకు కృతజ్ఞతలు.”